ఏటి ఒడ్డు పార్కులకు వేసవి వేళలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 24న బడులు మూసింది మొదలు జూన్ 12న మళ్లీ తెరిచేదాకా విజయవాడ, గుంటూరు ఇళ్లలో పిల్లలది ఒకటే గొడవ, ఎక్కడికైనా తీసుకెళ్లమని. పత్రికలు కూడా ఆ రోజుల్లో చూడదగిన చోట్ల పట్టికలు వేస్తాయి. భవానీ ద్వీపం, బెరం పార్కు, పున్నమి ఘాట్, గుంటూరు మానస సరోవరం, పక్షులకు పేరుపడ్డ ఉప్పలపాడు చెరువు అందులో తప్పకుండా ఉంటాయి. దారి ఉంటుంది, టికెట్టు ధర ఉంటుంది. ఎన్ని గంటలకు బయల్దేరాలో, ఎన్నింటికల్లా ఇంటికి చేరాలో మాత్రం ఉండదు. మన ఎండల్లో అన్నిటికంటే ముందు రాయవలసింది అదే. చంటిపిల్లతో, డెబ్బై దాటిన అమ్మమ్మతో ఏటి ఒడ్డుకు వెళ్లే కుటుంబం పొద్దున్న ఆరుకు వెళ్తే ఆ పూట పండగ. అదే కుటుంబం అదే చోటికి పదకొండుకు వెళ్తే ఆస్పత్రి పాలు కావచ్చు.

నీళ్ల పక్కనే కదా, చల్లగా ఉంటుంది అనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది. నీటి మీదుగా గాలి వీస్తే హాయిగా ఉంటుందన్నది నిజమే. కాని మే నెల పగటిపూట మనకు తగిలేది పడమటి నుంచి వచ్చే పొడి వడగాలి. బందరు వైపు నుంచి సముద్రపు గాలి బెజవాడ దాకా రావడానికి సాయంత్రం అవుతుంది. పడమటి గాలి జోరుగా ఉన్న రోజున అసలు రాదు. ఏ గాలీ లేక స్తంభించిన పూట నీటి ఒడ్డున తేమ పెరిగి ఉక్కపోస్తుంది. మన ఒళ్లు చల్లబడేది చెమట ఆవిరైనప్పుడే. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట వల్ల నీళ్లు, ఉప్పు పోవడం తప్ప లాభం లేదు. 34 డిగ్రీల ఎండలో గాలి తేమ 60 శాతం ఉంటే ఒంటికి 42 డిగ్రీల వేడి తగిలినట్టే ఉంటుంది. అందుకే బయల్దేరే ముందు ఫోనులో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. దాని పక్కనే ఉండే తేమ శాతాన్ని, ఒంటికి ఎంత తగులుతుందో చెప్పే రెండో అంకెను కూడా చూడాలి. ఆ రెండో అంకె 40 దాటితే పిల్లలతో, పెద్దవాళ్లతో ప్రయాణం మరో రోజుకు మార్చుకోవడమే మంచిది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాడ్పుల హెచ్చరికలు ముందురోజే ఇస్తుంది. మన మండలం పేరు అందులో ఉంటే ఇక ఆలోచించే పనే లేదు.

సూర్యుడి లెక్క కూడా తెలిసి ఉండాలి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారంలో మధ్యాహ్నం 12 దాటిన నాలుగైదు నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడే కనిపించదు. అంటే ప్రహరీ గోడ పక్కన, టికెట్టు కౌంటరు పక్కన, ఆగి ఉన్న బస్సు పక్కన నీడ దొరుకుతుందన్న ఆశ వదులుకోవాలి. ఆ వేళ నీడ ఉండేది నెత్తిమీద కప్పు ఉన్నచోటే. చర్మాన్ని కాల్చే కిరణాలు అప్పుడే ఎక్కువగా ఉంటాయి, గాలి వేడి మాత్రం ఇంకా పెరుగుతూ మధ్యాహ్నం రెండున్నర, మూడున్నర మధ్య గరిష్ఠానికి చేరుతుంది. పిల్లలకు కూడా అర్థమయ్యే కొలత ఒకటి ఉంది: మన నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉన్నంతసేపు ఎండలో ఆడకూడదు. మే నెలలో ఇది సుమారు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. మూడు తర్వాత నీడ పొడుగైనా గాలి వేడి తగ్గదు కాబట్టి ఇంకో రెండు గంటలు ఆగాలి.

మరి పొద్దున్నా, సాయంత్రమా? చాలామంది సాయంత్రమే అంటారు. పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి నేను పొద్దున్నే అంటాను. రాత్రంతా నేల, సిమెంటు బెంచీలు, ఘాట్ మెట్లు చల్లబడి ఉంటాయి, గాలి వేడి రోజు మొత్తంలో అతి తక్కువగా ఉండేది సూర్యోదయం వేళకే. సాయంత్రం ఐదున్నరకు ఎండ కనిపించకపోవచ్చు గాని, పగలంతా కాగిన రాళ్లు, తారురోడ్డు ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. మే మధ్యలో సూర్యోదయం సుమారు 5:35కు, సూర్యాస్తమయం 6:30 ప్రాంతంలో. పొద్దున్న వెళ్లేవాళ్లు ఐదుంబావుకు ఇల్లు కదలాలి, ఏడున్నరకు ఫలహారం ముగించాలి, తొమ్మిదికల్లా ఇంటి దారి పట్టాలి. సాయంత్రం వెళ్లేవాళ్లు ఐదింటికి ముందు ఇల్లు దాటకూడదు, పొద్దు గుంకాక అరగంటలో తిరుగు ప్రయాణం కట్టాలి. మన దగ్గర సంజవెలుగు ఎక్కువసేపు నిలవదు, సూర్యుడు దిగిన పాతిక నిమిషాలకే చీకటి పడుతుంది. చీకట్లో మెట్ల మీద పాచి కనిపించదు. గుంటూరు నుంచి భవానీపురం వచ్చేవాళ్లు 35 కిలోమీటర్ల ప్రయాణాన్ని, వారధి దగ్గర రద్దీని లెక్కలో వేసుకుని, నాలుగున్నరకే లేవగలిగితే పొద్దున, లేకపోతే సాయంత్రం పెట్టుకోవాలి. ఎనిమిదికి బయల్దేరి పదికి చేరే ప్రయాణం అన్నిటికంటే చెడ్డది.

కూర్చునే చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నీడలన్నీ ఒకటి కావు. రేకుల షెడ్డు కింద ఎండ తగలదు కాని, పైన కాగిన రేకు కిందికి వేడిని కక్కుతూనే ఉంటుంది. రేకు తలకు ఎంత దగ్గరగా ఉంటే అంత సెగ. చెట్టు ఆకు అలా కాదు. అది నీటిని ఆవిరిగా వదులుతూ తనను తాను చల్లబరచుకుంటుంది కాబట్టి దాని కింద సెగ ఉండదు. చెట్లలోనూ తేడా ఉంది. కానుగ, వేప ఎండలు ముదిరేనాటికి కొత్త చిగురు తొడిగి చిక్కటి నీడ ఇస్తాయి. చింత, రావి, మర్రి చెప్పనే అక్కర్లేదు. నిద్రగన్నేరు గొడుగులా విశాలంగా పరుచుకుంటుంది. తురాయి మే నెలలో పూలతో కళ్లకు పండగే గాని ఆకు సన్నం, నీడ పలచన. పార్కుల్లో వరసగా నాటే పొడుగాటి అశోక చెట్లు, రాయల్ పామ్‌లు అందానికే తప్ప నలుగురు కూర్చునే నీడకు పనికిరావు. చాప పరిచే ముందు ఒక నిమిషం ఆగి, ఇంకో గంటకు ఎండ ఎటు తిరుగుతుందో చూడండి. పొద్దున్న వెళ్తే చెట్టుకు పడమటి వైపున్న నీడ మొదలు దగ్గరికి జరుగుతుంది, సాయంత్రం అయితే తూర్పుకు దూరం జరుగుతుంది. ఎండిన కొమ్మ కింద, చీమలపుట్ట పక్కన చాప వేయకండి. నీటి అంచుకు ఇరవై అడుగుల దూరం ఉంచండి.

ఆట సామాను దగ్గర పిల్లలను వదిలేముందు పెద్దవాళ్లు అరచేతి వెనక భాగాన్ని జారుడుబల్ల మీద ఐదు సెకన్లు ఆనించి చూడాలి. ఆనించలేకపోతే పిల్ల తొడలు కాలతాయి. ఇనుప బల్లలకే కాదు, ప్లాస్టిక్ జారుడుబల్లలకు, దెబ్బ తగలకుండా కింద పరిచే నల్లటి రబ్బరు పలకలకు కూడా ఇదే పరీక్ష. రబ్బరు పలకలు చూడటానికి మెత్తగా ఉంటాయి, ఎండలో మాత్రం అవే ముందు కాగుతాయి. పిల్లలు చెప్పులు విప్పి పరుగెత్తేది వాటి మీదే. ఉయ్యాల గొలుసులు, కారు సీటు బెల్టు బకిల్ కూడా తడిమి చూసుకోవాలి. చంటిబిడ్డ బండి మీద ఎండ పడకుండా చీర కొంగో దుప్పటో కప్పేస్తే లోపల గాలాడక వేడి పెరిగిపోతుంది. గొడుగు పట్టాలి గాని గుడ్డ కప్పకూడదు. ఆగి ఉన్న కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించితే సరిపోతుందనుకోవడం పొరపాటు. నిద్రపోతున్న పిల్లను 'టికెట్టు తీసుకుని వచ్చేస్తాను' అని కారులో వదలకూడదు, ఎంత తక్కువసేపైనా సరే.

ఇక నీళ్లు. ఆరుగురు మనుషులు, అంటే నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు మూడున్నర గంటలు బయట ఉంటారనుకోండి. పెద్దలకు గంటకు అర లీటరు, పిల్లలకు గంటకు 300 మిల్లీలీటర్ల చొప్పున తాగడానికే తొమ్మిది లీటర్లు. చేతులు కడుక్కోవడానికి, తువ్వాలు తడుపుకోవడానికి, అవసరమైతే ఒకరి మీద గుమ్మరించడానికి ఇంకో మూడు. మొత్తం పన్నెండు లీటర్లు. 20 లీటర్ల క్యాను ఎత్తుకు తిరగలేం కాబట్టి ఐదేసి లీటర్ల జగ్గులు రెండు, లీటరు సీసాలు రెండు తీసుకెళ్తే చేతులు మారుతూ మోయవచ్చు. రెండు సీసాలను ముందురాత్రి డీప్ ఫ్రీజరులో గడ్డ కట్టించండి. ముప్పాతిక వంతే నింపాలి, నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, నిండా పోస్తే సీసా పగులుతుంది. ఆ గడ్డ సీసాలను సంచిలో అడుగున పెట్టకుండా తిండి డబ్బాల మీద పెట్టాలి, చల్లటి గాలి కిందికి దిగుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి పెద్దలు ఒక చిన్న గ్లాసు, పిల్లలు అర గ్లాసు తాగాలి. వయసు మళ్లినవారికి దాహం తెలియడం తగ్గుతుంది, 'నాకేం వద్దమ్మా' అంటూనే సొమ్మసిల్లుతారు. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల నీళ్లు కొలతగా తాగమని డాక్టరు చెప్పినవారు ఆ కొలతే పాటించాలి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవారు వేసవి ప్రయాణం గురించి ముందే అడిగి తెలుసుకోవాలి. ఆరు నెలల లోపు పిల్లలకు విడిగా నీళ్లు పట్టకూడదు. తల్లిపాలే మామూలుకంటే ఎక్కువసార్లు ఇవ్వాలి, తల్లి దానికి తగినట్టు తాగాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని తడిగుడ్డ చుట్టిన డబ్బాలోనో, చిన్న ఫ్లాస్కులోనో ఉంచుకోవాలి. ఐసుగడ్డకు నేరుగా ఆనిస్తే గడ్డకట్టి చెడిపోతుంది.

ఓఆర్ఎస్ విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పెద్ద పొట్లం 20.5 గ్రాములు, సరిగ్గా లీటరు నీటికి. దాన్ని ఒక గ్లాసులో కలిపి పిల్లకు పట్టేస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు చేస్తుంది. గ్లాసుకు సరిపడే 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలు వేరే ఉంటాయి. పొట్లం మీద అంకె చదివి కలపాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఇక్కడ చెంచా అంటే ఐదు మిల్లీలీటర్ల టీ చెంచా. పండ్ల రుచులతో అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. రోజువారీ దాహానికి మాత్రం మజ్జిగను మించింది లేదు. ఒక వంతు పెరుగుకు మూడు నాలుగు వంతుల నీళ్లు, లీటరుకు అర చెంచా ఉప్పు, నలిపిన కరివేపాకు, కాస్త అల్లం వేసుకోవాలి. ఒడ్డున దొరికే తాటిముంజలు, కళ్లముందు కొట్టిన బొండాం నిశ్చింతగా తీసుకోవచ్చు. బండి మీద కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఎక్కడి నీటితో చేశారో తెలియని ఐసు వేసిన రసాలు వద్దు. కాయ కొని అక్కడే కోసుకోండి.

తిండి దగ్గర జాగ్రత్త పడవలసింది వండిన అన్నం గురించి. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా మూతపెట్టి ఉంచిన అన్నంలో అవి గంటల్లోనే పెరిగి విషం పుట్టిస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే వేడి వేడి పులిహోరను డబ్బాలో కుక్కి మూత బిగించడం తప్పు. ఆవిరి మూతకు పట్టి నీరై అన్నం మీద కారుతుంది, మధ్యాహ్నానికి జిగురొస్తుంది. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పూర్తిగా చల్లార్చి అప్పుడు సర్దాలి. చింతపండు పులిహోర నిమ్మకాయ పులిహోరకంటే బాగా నిలుస్తుంది, పులుసు నూనెలో మగ్గి తేమ తక్కువగా ఉంటుంది. దద్దోజనానికి పాలు ఎక్కువ పోసి ఒక్క గరిటె పెరుగు వేయండి. తెల్లవారుజామున కలిపితే ఏడున్నరకు కమ్మగా ఉంటుంది, పది దాటితే పులుస్తుంది. కొబ్బరి పచ్చడి, కోడిగుడ్డు, చికెన్ బిర్యానీ ఇంట్లోనే తినండి. 32 డిగ్రీలు దాటిన వేడిలో ఇటువంటి పదార్థాలు గంటకు మించి బయట ఉండకూడదు. మన పొద్దున్న పిక్నిక్కుకు ఇడ్లీ, కారప్పొడి, పులిహోర, కీరాదోస, అరటిపండు చాలు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టిన పెద్దలు వైశాఖంలో పెట్టలేదని గుర్తుంచుకుంటే వంటకాల జాబితా దానంతటదే కుదురుతుంది.

బట్టలకు ఒక్కమాట: లేత రంగు, వదులుగా ఉండే నూలు. పుట్టినరోజు నైలాను గౌనులు, బిగుతు జీన్సు చెమటను ఆరనివ్వవు. టోపీకి ముందొక్కటే కాదు, చుట్టూ అంచు ఉండాలి. పొద్దున్న, సాయంత్రం దోమలు తప్పవు కాబట్టి పిల్లలకు పొడుగు చేతుల చొక్కా మేలు. రెండు నెలల లోపు పసివాళ్లకు ఒంటికి పూసే దోమల మందు వాడకూడదు, దోమతెర తీసుకెళ్లాలి.

నీటి దగ్గర భద్రత గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ పైభాగాన నీరు నిలకడగా, చెరువులా కనిపిస్తుంది. కాని అది నది. 70 గేట్లలో కొన్ని ఎత్తినా నీటి లాగుడు మారిపోతుంది. ఇసుక తవ్విన గుంతలు అడుగున ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ కనిపించవు, మోకాలి లోతు నీరు మరో అడుగుకు నిలువు లోతవుతుంది. పిల్లలను కాళ్లు తడుపుకోనివ్వాలంటే అనుమతి ఉన్న ఘాట్‌లో, రెయిలింగ్ లోపల, మెట్టు మీద కూర్చోబెట్టి, చేయి అందే దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదని అర్థం. కాబట్టి అరగంటకొకరు చొప్పున పేరు పెట్టి కాపలా అప్పగించుకోండి, ఆ అరగంట వాళ్ల ఫోను ఇంకొకరి చేతిలో ఉండాలి. ఎవరైనా నీటిలో పడితే వెంటనే దూకేయకండి. మునిగేవాళ్లు పట్టుకుంటే ఈత వచ్చినవాళ్లూ మునుగుతారు. తాడు, పొడుగు కర్ర, ముడివేసిన రెండు చీరలు, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బా, ఏది అందితే అది విసరాలి. పన్నెండు మీటర్ల నైలాను తాడు సంచిలో ఒక మూల పడుకుంటుంది, బరువు కూడా ఉండదు.

పడవ ఎక్కేవారు 2017 నవంబరు 12ను మరవకూడదు. ఆ కార్తీక ఆదివారం ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. పర్యాటక శాఖ కౌంటరులో టికెట్టు ఇచ్చే పడవే ఎక్కాలి, 'అన్నా, ఇటు రండి, తక్కువకే తీసుకెళ్తా' అనేవారి వెంట పోవద్దు. లైఫ్ జాకెట్టు కూర్చునే ముందే వేసుకోవాలి. మనిషి బరువుకు తగినదా అని లోపలి చీటీ చూడండి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, జాకెట్టు చెవుల దాకా లేచివస్తే అది పెద్దదైపోయింది, నీటిలో జారిపోతుంది. పిల్లల జాకెట్టుకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి, లేకపోతే ఇంకొకటి అడగండి. కొండ కనిపించిందనో, ఫొటో అనో అందరూ ఒక పక్కకు జరగకూడదు, పడవ ఒరిగేది అక్కడే. భవానీ ద్వీపంలో దిగుతున్నప్పుడే తిరుగు పడవ ఆఖరిది ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. జూలై నుంచి అక్టోబరు దాకా వెళ్లాలనుకునేవారు ముందురోజు బ్యారేజీ వరద వార్త చూడాలి. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు గాని, పడవలు అంతకు చాలా ముందే ఆపుతారు. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన నీరు ఆ ద్వీపాన్ని ఎలా ముంచెత్తిందో చూశాం.

వేసవి సాయంత్రాల్లో గాలివాన ఇంకో ప్రమాదం. పడమట మబ్బు నల్లబడి, చల్లగాలి ఉన్నట్టుండి తగిలితే అది హాయి కాదు, హెచ్చరిక. మెరుపుకు, ఉరుముకు మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపే ఉరుము వినిపిస్తే వెంటనే నీటి మీది నుంచి, చెట్టు కింది నుంచి లేచి పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట బయటికి రాకూడదు. పగలు అంత నీడనిచ్చిన నిద్రగన్నేరు కొమ్మలు గాలివానకు ముందుగా విరిగేవాటిలో ఉంటాయి.

వడదెబ్బ లక్షణాలు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, కాళ్లు పీకడం, చెమటతో తడిసిన చల్లటి చర్మం: ఇవి వడదెబ్బకు ముందు మెట్టు. ఇవి కనిపిస్తే నీడకు చేర్చి, పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, గుక్క గుక్కగా ఓఆర్ఎస్ తాగించాలి. అరగంటలో తేరుకోవాలి. మాట తడబడటం, పొంతన లేని జవాబులు, మూర్ఛ, ఒళ్లు నిప్పులా కాలడం కనిపిస్తే అది వడదెబ్బే. అప్పుడు ఒకరు 108కి ఫోను చేస్తుండగానే మిగతావారు చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆగితే ఆ నిమిషాలే ప్రాణం తీస్తాయి. పైబట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి, చాపతోనో అట్టతోనో ఆపకుండా విసరాలి. గడ్డకట్టిన సీసాలను గుడ్డలో చుట్టి మెడకు ఇరువైపులా, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ వేయకూడదు, ఇది జ్వరం కాదు, ఆ మందు ఈ వేడిని దించదు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవడమూ తప్పే. ఆటలాడిన పిల్లల్లో, పనిచేసినవారిలో చెమట పడుతుండగానే రావచ్చు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని ఇప్పటికీ నమ్మేవారున్నారు. పెట్టుకుంటే నష్టం లేదు, కాని దాని ధైర్యంతో ఎండలో తిరగకండి.

ఇదంతా ఇంటివాళ్లు చేసుకోగలిగింది. ఎంత పొద్దున్నే లేచినా గేటు తాళం వేసి ఉంటే ఏం లాభం? మామూలు రోజుల పనివేళలనే వేసవిలోనూ కొనసాగిస్తే, పార్కు తెరిచి, మొదటి పడవ కదిలేసరికి మన నీడ పొట్టిదైపోతుంది. కాబట్టి పర్యాటక శాఖను, రెండు నగరపాలక సంస్థలను అడిగేది ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 దాకా ఏటి ఒడ్డు, చెరువు ఒడ్డు పార్కులను ఉదయం ఐదున్నరకు తెరవండి, పదికి మూయండి, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా ఉంచండి. మొదటి పడవ ఆరింటికి కదలాలి. పడవల కోసం నిలబడే వరస మొత్తానికి కప్పు ఉండాలి, ఆ కప్పు రేకుది కాకుండా తాటాకుదో, రెండు పొరలదో కావాలి. బయటి తిండి వద్దనే నిబంధన ఉన్నచోట తాగునీరు, మజ్జిగ, పసిపిల్లల ఆహారం తెచ్చుకోనివ్వాలి. గేటు దగ్గర ఆ గంట ఉష్ణోగ్రతను, తేమను పెద్ద అక్షరాలతో రాసిన నల్లబల్ల పెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు. టికెట్టు కౌంటరులో ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక ఐసు పెట్టె, వడదెబ్బ తగిలినవారిని చల్లబరచడం నేర్చిన ఒక ఉద్యోగి ప్రతి పూటా ఉండాలి. ఈ వానాకాలంలో నాటే మొక్కల్లో పొడుగు అశోకలు, పామ్‌లు తగ్గించి బెంచీల నెత్తిన కానుగ, వేప పెంచితే నాలుగైదేళ్లకు నీడ వస్తుంది. ఇప్పుడు ఎండలో ఉన్న బెంచీలను అందాకా ఉన్న చెట్ల కిందికి జరపవచ్చు.

మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. వేసవి సెలవుల్లో చూడదగిన చోట్ల గురించి రాసినప్పుడల్లా ప్రతి పేరు పక్కన 'ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత' అని ఒక వరస వేయండి. ఉప్పలపాడు పక్కన మాత్రం 'అక్టోబరు నుంచి ఫిబ్రవరి' అని వేయండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా కనిపించేది ఆ నెలల్లోనే, చెరువు గట్టున పిల్లలు గంటసేపు నిలబడి చూడగలిగేదీ అప్పుడే.

ఇట్లు
ఒక పాఠకురాలు
భవానీపురం, విజయవాడ